చిట్టితల్లికి, నాన్న రాస్తున్న ఉత్తరం

చిట్టితల్లీ,

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. పైగది కిటికీ బాగుచేయించాం. నువ్వు కళ్ళజోడు మార్పించుకున్నావా?

చిన్నోడు మాటల మధ్యలో అన్నాడు, నీ కారు గేరు మారేటప్పుడు కుదుపు ఇస్తోందట, ఎవరో దాని ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో 'అన్ని కార్లకూ సరిపోయే' ఆయిల్ పోశారట. నువ్వేమో నాతో ఆ ఊసే ఎత్తలేదు. ఈమధ్య ఫోన్ కూడా ఎత్తడం లేదు. పనిలో ఉన్నావేమో, సరేలే.

బాబాయి పాత కారు గుర్తుందా? రివర్స్ వేస్తే ఒక్క క్షణం ఆగి పడేది. మెకానిక్ డబ్బాలో ఉన్న ఎర్ర ఆయిల్ పోసి, ఎర్రగా ఉంటే చాలు అన్నాడట. వారం బాగానే నడిచింది. తర్వాత ఒకే స్పీడ్‌లో పోతున్నా వరస స్పీడ్‌బ్రేకర్ల మీద పోతున్నట్టు వణుకు మొదలైంది. గేర్‌బాక్స్ లోపల క్లచ్ ప్లేట్లకు కాగితంలాంటి పొర ఉంటుంది. అది ఎంత గట్టిగా పట్టాలో, ఎంత మెత్తగా వదలాలో ఆ ఆయిల్‌లో కలిపిన మందులే నిర్ణయిస్తాయి. సరిపడనిది పోస్తే ప్లేట్లు జారతాయి, జారితే వేడి, వేడికి ఆయిల్ మాడుతుంది, మాడితే ఇంకా జారతాయి. ఆ ఎండాకాలంలోనే బాబాయి పెద్దత్త వాళ్ళందర్నీ ఎక్కించుకుని కొండ ఎక్కాడు. సగం దారిలో కారు రొద చేస్తోంది గానీ కదలడం లేదు. టెంపరేచర్ ముల్లు మాత్రం మధ్యలోనే ఉంది. అది చూపించేది ఇంజిన్ కూలెంట్ వేడి, గేర్‌బాక్స్‌ది కాదు. అడుగు పాన్ విప్పితే మాడు వాసన, నల్లటి ఆయిల్, అయస్కాంతం మీద వేలెడు మందాన బూడిదరంగు ముద్ద. గేర్‌బాక్స్ మొత్తం మార్చాల్సి వచ్చింది.

నిన్ను భయపెట్టాలని కాదమ్మా. ఉపన్యాసం ఇవ్వొద్దని అమ్మ ముందే చెప్పింది. కానీ ఇది వినాలి. మాన్యువల్‌లో ఏ స్పెసిఫికేషన్ రాసి ఉందో అదే పోయించాలి. నీది సీవీటీ, అంటే గేర్లకు బదులు బెల్టు, పుల్లీలతో నడిచే రకం అయితే దాని ఫ్లూయిడ్ పూర్తిగా వేరు, మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ (ఏటీఎఫ్) పోస్తే లోపలి బెల్టు జారి పుల్లీలు గీసుకుపోతాయి. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితకాలం మార్చక్కర్లేదన్న మాట నమ్మకు. గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకో, 8 ఏళ్ళకో మార్చమంటోంది. ట్రాఫిక్‌లో, ఎత్తుల్లో ఎక్కువ తిరిగే కారుకి ఇంకా ముందే. ఆయిల్ లెవెల్ కూడా కంపెనీ చెప్పిన వేడి దగ్గరే చూడాలి. ఎక్కువైతే నురగ కడుతుంది, తక్కువైతే ప్రెషర్ చాలదు.

రాత్రిపూట ఒక్కదానివే దూరం పోకు. పవర్‌బ్యాంక్ ఛార్జ్ చేసి పెట్టుకో.

ఆ కుదుపు చల్లగా ఉన్నప్పుడా, బాగా తిరిగాకా? గేరు డి (డ్రైవ్) లో వేశాక ఆలస్యంగా కదులుతోందా? ఆయిల్ మార్చాక మొదలైతే ఆ ఆయిలే కారణమేమో. వెంటనే తీయించి సరైనది పోయించు. ఒక్కసారి డ్రెయిన్ చేస్తే పాతది మొత్తం రాదు, ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లో కొంత ఉండిపోతుంది, కాబట్టి రెండుమూడుసార్లు చేయమను. ఖర్చు గురించి ఆలోచించకు, నేను పంపుతాను.

ముందు బిల్లు ఫోటో, మాన్యువల్‌లో ఆ పేజీ ఫోటో పంపు. అంతవరకు కొండదారి వద్దు, బస్సులో వెళ్ళు. ఫోన్ చెయ్యి.

నాన్న