ఐయూఐ కోసం కూడా హైదరాబాద్ పోవాలా?

సంపాదకుడు గారికి నమస్కారం.

2023 అక్టోబరులో సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వం ఐవీఎఫ్ కేంద్రం తెరిచినప్పుడు చాలా సంతోషించాను. పిల్లల్లేని దంపతుల గోడు సర్కారు దవాఖానకు వినపడిందంటే చిన్న సంగతి కాదు. కానీ గుడ్డునూ వీర్యకణాన్నీ ల్యాబ్‌లో కలిపి చేసే ఐవీఎఫ్ చివరి మెట్టు. చాలామంది దంపతులు అంతకంటే ముందు ప్రయత్నించి చూడదగ్గది ఐయూఐ, అంటే శుభ్రం చేసిన వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి పంపే చికిత్స. అది జిల్లా కేంద్రంలోని ప్రభుత్వాసుపత్రిలోనే దొరకాలి. ఈ ఉత్తరం అందుకోసమే. నేను నల్గొండ, సూర్యాపేట ప్రాంతాల్లో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. కాన్పుల కోసం వచ్చినవాళ్లనే కాదు, ‘విశేషం ఏమైనా ఉందా’ అని అడిగేవాళ్లకు జవాబు చెప్పలేక తల వంచుకుని ఓపీకి వచ్చే ఆడపిల్లలనూ ఏళ్ల తరబడి చూశాను.

ఐయూఐ అంటే పెద్ద ఆపరేషన్ అనుకుని భయపడేవాళ్లున్నారు. ఒక్క సూదితో కడుపు నిలుస్తుందనుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ నిజం కాదు. నెలసరి వచ్చిన రెండో రోజో మూడో రోజో గుడ్డు పెరగడానికి లెట్రోజోల్ లాంటి మాత్రలు మొదలుపెట్టి, గుడ్డు ఎంత పెరిగిందో స్కానింగులో చూస్తారు. అది తగినంత పెరిగాక, విడుదల కావడానికి హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఇచ్చి, సుమారు 36 గంటల తర్వాత భర్త వీర్యాన్ని ల్యాబ్‌లో శుభ్రం చేసి, బాగా కదిలే కణాలను వేరుచేసి, సన్నటి గొట్టంతో గర్భసంచిలోకి పంపుతారు. ఆ చివరి పని కొద్ది నిమిషాలే. మత్తు అక్కర్లేదు. పావుగంట పడుకుని లేచి ఇంటికి వెళ్లిపోవచ్చు. ప్రైవేటులో ఒక్కో నెలకు మందులు, స్కానింగులతో కలిపి చాలాచోట్ల 10 నుంచి 15 వేలు అవుతుంది. అదే ఐవీఎఫ్ అయితే ఒక్కసారికే లక్షన్నర, రెండు లక్షలు.

ఇంత తేలికైన చికిత్స దగ్గర కూడా మనవాళ్లు ముందు తడబడేది మగవాడి పరీక్ష దగ్గర. వీర్య పరీక్ష ఖర్చు కొన్ని వందలు, నొప్పి అసలే లేదు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు నుంచి కూడా ఏదో ఒక సమస్య ఉంటుంది. అయినా మొదట ఆడపిల్లకే రక్తపరీక్షలు, ట్యూబ్ టెస్టు, హార్మోన్ల మాత్రలు, నెలనెలా స్కానింగులు. ఏళ్లు గడిచి, అప్పులు పెరిగాక ఎప్పుడో భర్తను పరీక్షకు పంపితే వీర్యకణాల కౌంట్ తక్కువని తేలుతుంది. ‘మా పిలగానికేం తక్కువ సిస్టర్, మంచిగ బలంగున్నడు’ అనే అత్తమ్మల మాట నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. బలానికీ కౌంట్‌కూ సంబంధం లేదు. పైగా కండల కోసం జిమ్‌లో టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకునే కుర్రాళ్లలో వీర్యకణాలు తయారు కావడమే ఆగిపోవచ్చు. ఆ సంగతి వాళ్లకు చెప్పేవాళ్లే లేరు.

ఒక యువకుడు గుర్తొస్తున్నాడు. ఆసుపత్రిలో శాంపిల్ ఇవ్వడానికి సిగ్గుపడి, ఇంటి దగ్గరే దగ్గు మందు సీసాలో పట్టి, జేబు రుమాలులో చుట్టి, ఎండాకాలం పూట బస్సులో తెచ్చాడు. శాంపిల్ గంటలోపు ల్యాబ్‌కు చేరాలి, డబ్బా శుభ్రమైనది కావాలి, రెండు మూడు రోజులైనా భార్యకు దూరంగా ఉన్న తర్వాతే ఇవ్వాలి. ఇవేవీ అతనికి ఎవరూ చెప్పలేదు. రిపోర్టులో కదలిక సున్నా అని వచ్చింది. ఆ కాగితం చూసి అతని భార్య ఏడ్చిన ఏడుపు అనవసరమైన ఏడుపు. గడియ పెట్టుకునే ఒక చిన్న గది, అది చూపించి విషయం వివరించే ఒక మనిషి ఉంటే అది జరిగేది కాదు. ఆ గది మన దవాఖానల్లో ఎన్నిచోట్ల ఉంది?

సర్కారులో దారి దొరకని దంపతులు ప్రైవేటుకే పోతారు. అక్కడ నిజాయతీగా వైద్యం చేసే డాక్టర్లు చాలామందే ఉన్నారు. కానీ రెండు రకాల అన్యాయం కూడా చూశాను. కొన్నిచోట్ల గుడ్డు గర్భసంచికి చేరే ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూడకుండానే నెలనెలా ఐయూఐ చేస్తారు. రెండు ట్యూబులూ మూసుకుపోతే ఐయూఐ ఎన్నిసార్లు చేసినా వృథాయే. మన దేశంలో గర్భాశయ టీబీ వల్ల ట్యూబులు పాడైన ఆడవాళ్లు తక్కువేం కాదు. ఇంకొన్నిచోట్ల పాతికేళ్ల అమ్మాయికి, పెళ్లయి రెండేళ్లు కూడా నిండకుండా, పెద్ద లోపమేమీ కనపడకపోయినా నేరుగా ఐవీఎఫ్ ప్యాకేజీ చేతిలో పెడతారు. అర ఎకరం అమ్మి ఆ డబ్బు కట్టినవాళ్లున్నారు.

ఐయూఐతో తప్పకుండా పిల్లలు పుడతారని నేను అనడం లేదు. ఒక్కో నెలలో గర్భం వచ్చే అవకాశం సుమారు 10 నుంచి 15 శాతమే. వయసు 40 దగ్గరపడితే ఇంకా తగ్గుతుంది. వీర్యకణాలు మరీ తక్కువైతే పనికిరాదు. మూడు నాలుగు సార్లు చేసినా ఫలితం లేకపోతే ఆపి, తర్వాతి దారి ఆలోచించాలి. కానీ సరైన జంటకు చేస్తే తేడా స్పష్టంగా ఉంటుంది. కారణం తెలియని సంతానలేమి ఉన్న స్త్రీలపై న్యూజిలాండ్‌లో జరిపిన అధ్యయనం 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. మందులతో కలిపి మూడు నెలలు ఐయూఐ అందుకున్న బృందంలో 31 శాతం మందికి బిడ్డలు పుట్టారు. చికిత్స లేకుండా వేచి చూసిన బృందంలో 9 శాతం మందికే. ఈ అంకెలను ఎవరైనా కూర్చోబెట్టి నెమ్మదిగా చెబితే దంపతులకు సగం టెన్షన్ తగ్గుతుంది. మొదటిసారి నిలవకపోతే ‘నా కడుపే మంచిది కాదు’ అని ఏ అమ్మాయీ కుమిలిపోదు.

అలా చెప్పాలని చట్టమే అంటోంది. సంతాన సాఫల్య చికిత్సలను నియంత్రించడానికి 2021లో పార్లమెంటు చేసిన ఏఆర్‌టీ చట్టం ప్రకారం ఐయూఐ మాత్రమే చేసే చోటు కూడా లెవెల్ 1 క్లినిక్‌గా రిజిస్టర్ కావాలి. విజయావకాశాలు, ఖర్చు, దుష్ప్రభావాలు, కవలలు పుట్టే ప్రమాదం ముందే చెప్పాలి. ఫిర్యాదులు వినే ఏర్పాటు ఉండాలి. దాత వీర్యం వాడాల్సి వస్తే అది రిజిస్టర్ అయిన వీర్య బ్యాంకు నుంచే రావాలి, ఒక దాతది ఒక్క జంటకే ఇవ్వాలి. 2025 జులైలో సికింద్రాబాద్‌లోని ఒక ఫెర్టిలిటీ సెంటర్‌లో సరోగసీ (అద్దె గర్భం) పేరుతో వేరేవాళ్ల బిడ్డను అంటగట్టారన్న ఆరోపణపై పోలీసులు కేసు పెట్టాక మన ప్రాంతంలో ఈ చికిత్స అంటేనే అనుమానం పెరిగింది. తనిఖీలు ఎంత చేసినా ఆ అనుమానం పూర్తిగా పోదు. నమ్మకంగా వెళ్లగలిగిన ప్రభుత్వ క్లినిక్ దగ్గర్లో ఉంటేనే పోతుంది.

ఇందుకు కొత్త భవనాలు కట్టనక్కర్లేదు. నల్గొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి. అక్కడ గైనకాలజిస్టులు, స్కానింగ్, మైక్రోస్కోపులు, శాంపిల్‌ను వేగంగా తిప్పే సెంట్రిఫ్యూజ్ ఉన్నాయి. అదనంగా కావలసినవి వీర్యం శుభ్రం చేసే ద్రావణాలు, గొట్టాలు, శుభ్రమైన గాలి వచ్చే లామినార్ ఫ్లో పెట్టె, శిక్షణ పొందిన ఒక టెక్నీషియన్, ఒక కౌన్సెలర్, నేను చెప్పిన ఆ గది. స్కానింగు కోసం నెలలో మూడు నాలుగు సార్లు హైదరాబాద్‌కు తిరగాలంటే కూలికెళ్లే మనిషికి చార్జీలే కాదు, పనిదినాలూ పోతాయి. గుడ్డు విడుదలయ్యే రోజు మన సెలవు చూసుకుని రాదు. అందుకే ఈ చికిత్సకు దూరం పనికిరాదు.

బీమా సంగతీ ఒక మాట. సంతానలేమి చికిత్సను, కృత్రిమ గర్భధారణతో సహా, చాలా ఆరోగ్య బీమా పాలసీలు ఒక ప్రామాణిక మినహాయింపుగా పక్కన పెట్టేస్తాయి. ఆయుష్మాన్ భారత్‌లోనూ దీనికి చోటు లేదు. గోవా ప్రభుత్వం మాత్రం 2023లో తన మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఐయూఐ, ఐవీఎఫ్ రెండింటినీ ఉచితంగా అందించడం మొదలుపెట్టింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది చెప్పింది. ఇది డబ్బున్నవాళ్ల జబ్బు కాదు.

ఏఆర్‌టీ క్లినిక్‌లకు జాతీయ రిజిస్ట్రీ ఉంది. తెలంగాణలోని ఏయే ప్రభుత్వాసుపత్రులు అందులో లెవెల్ 1 కింద నమోదయ్యాయో వైద్యారోగ్య శాఖ మీ పత్రిక ద్వారా ప్రజలకు చెప్పాలి. నమోదు కాని జిల్లాల్లో ఏ నెల నుంచి ఐయూఐ ఓపీ మొదలవుతుందో, ఆ ఓపీ చీటీ మీద భార్య పేరుతో పాటు భర్త పేరూ మొదటి రోజే రాస్తారో లేదో కూడా చెప్పాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
సూర్యాపేట జిల్లా