సమాధి దగ్గర ప్రార్థన వద్దని బైబిల్ ఎక్కడ చెప్పింది?

సంపాదకుడు గారికి,

ఇటీవల మా ఊళ్లో ఒక యువకుడు ఆత్మహత్య చేసుకుంటే, భూస్థాపన ప్రార్థన చేయడానికి సంఘ పెద్దలు ఒప్పుకోలేదు. బతిమాలగా సమాధుల తోటలో ఒక మూల చోటిచ్చారు. ‘బైబిల్ ఒప్పుకోదు’ అన్నారు. నలభై ఏళ్లుగా ఆ గ్రంథం చదువుతున్నదాన్ని. ఏ అధ్యాయంలో ఒప్పుకోలేదో చూపించమని అడుగుతున్నాను.

గిల్బోవ కొండ మీద ఓడిపోయిన సౌలు రాజు తన ప్రాణం తానే తీసుకున్నాడు. యాబేష్గిలాదు వాళ్లు రాత్రంతా నడిచి వెళ్లి, శత్రువులు గోడకు తగిలించిన అతని దేహాన్ని దించి తెచ్చారు. ఎముకలు పాతిపెట్టి ఏడు రోజులు ఉపవాసం ఉన్నారు. అతడు తరిమి తరిమి వేటాడిన దావీదే అతని కోసం విలాపగీతం పాడాడు! ఆ దావీదుకు ద్రోహం చేసి, ఉరివేసుకుని చనిపోయిన అహీతోపెలును కూడా తండ్రి సమాధిలోనే ఉంచారు. ఈ చావులను లేఖనం మెచ్చుకోలేదు. చనిపోయినవారిని వెలివేయనూ లేదు.

ఉరివేసుకున్న శిష్యుడు ఇస్కరియోతు యూదా సంగతేమిటంటారు. సువార్తలు అతన్ని తప్పుపట్టింది గురువైన యేసును అప్పగించినందుకు. ముప్పై వెండి నాణేలు తిరిగి ఇచ్చి పశ్చాత్తాపపడ్డాడని కూడా మత్తయే రాశాడు.

‘నరహత్య చేయకూడదు’ అన్న ఆజ్ఞ సొంత ప్రాణానికీ వర్తిస్తుందని 5వ శతాబ్దంలో క్రైస్తవ వేదాంతి అగస్టీను గట్టిగా వాదించాడు. అది నేనూ నమ్ముతాను. కానీ సమాధి దగ్గర ప్రార్థన కూడదన్నది 6వ శతాబ్దంలో బ్రాగా పట్టణంలో (నేటి పోర్చుగల్) జరిగిన బిషప్పుల సభ తీర్మానం, లేఖనం కాదు. కాథలిక్ సంఘం కూడా 1983 నాటి తన చట్టంలో ఆ నిషేధాన్ని వదిలేసింది. మనం ఇంకా పట్టుకుని కూర్చున్నాం.

చావు కోరుకున్నవారు బైబిల్లో చాలామంది ఉన్నారు. యోబు, యోనా, యిర్మీయా దాదాపు అదే మాట అన్నారు. ‘ఇక చాలు, నా ప్రాణం తీసుకో’ అని ఏలీయా చెట్టుకింద పడుకుంటే దేవదూత మందలించలేదు. రొట్టె, నీళ్లు పెట్టి, నిద్రపోనిచ్చి, మళ్లీ లేపి తినమన్నాడు. ఖైదీలు పారిపోయారనుకుని ఫిలిప్పీ చెరసాల అధికారి తనను తాను చంపుకోబోయి కత్తి దూసినప్పుడు, మేమంతా ఇక్కడే ఉన్నామని పౌలు కేకవేసి ఆపాడు. ఈ భాగాల మీద మా సంఘంలో ఇంతవరకు ఒక్క ప్రసంగమూ వినలేదు. పాస్టర్లు వీటిని బోధించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలిమానస్ సహాయ నంబరు 14416ను ప్రతి చర్చి గోడ మీద రాయించాలి.

ఆ యువకుడి తల్లి ఇంట్లో ఇంతవరకు ఆదరణ కూడిక జరగలేదు. ఈ ఆదివారమైనా జరిపించండని మా పెద్దలను మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

— ఒక సంఘ సభ్యురాలు, గుంటూరు జిల్లా