మా పిల్లి బంగారి గీరుడు వెనక సంగతి పట్టిచ్చిన ముగ్గురికీ కృతజ్ఞతలు

విజయనగరంలో మా వీధి అప్పకి, పశువుల ఆసుపత్రి డాక్టరమ్మకి, మా వడ్రంగి మామయ్యకి ఇంటిల్లిపాదీ తరఫున నమస్కారాలు. ఎదురుగా చెప్పబోతే ‘దానికేటమ్మా’ అని మాట దాటేస్తున్నారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా పిల్లి బంగారికి 11 ఏళ్లు. పెరట్లో కొబ్బరిచెట్టుకి గోనెసంచి చుట్టి కట్టాం (జూటు మిల్లుల ఊరు, మాకు గోనెకి కొదవేముంది). ఇన్నేళ్లూ దాని గోళ్ల పనంతా అక్కడే. అలాంటిది దసరా వెళ్లగానే వీధి గుమ్మాన్నీ, ముందుగది కిటికీ చెక్కల్నీ గీరడం మొదలెట్టింది. తెల్లారుజామున బరబరమని చప్పుడు. నానమ్మ నాటి టేకు ద్వారబంధం నిండా తెల్లటి చారలు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం జనానికీ మైకులకీ బెదిరిందేమో అనుకున్నాం. పండగై రెండు వారాలైనా తగ్గలేదు. కసిరాను. ఒకరోజు చీపురు కూడా ఎత్తాను. అది మంచం కింద దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు. తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అప్ప వచ్చి గీతలన్నీ ఒక్కొక్కటే చూసింది. “సోఫా జోలికెళ్లలేదు, మంచంకోడు జోలికెళ్లలేదు. అన్నీ గుమ్మాలూ కిటికీలే. బయట ఎవులో తిరుగుతన్నారమ్మా” అంది. గోళ్ల మీది పాత పొర ఊడగొట్టుకోవడానికీ, ఒళ్లు విరుచుకోవడానికీ మాత్రమే పిల్లి గీరదట. దాని వేళ్ల మధ్య గ్రంథుల వాసన అక్కడ అంటుకుంటుంది. ఇది నా చోటని చాటుకోవడం అది. ఆ రాత్రి అప్ప టార్చిలైటు పట్టుకుని కూర్చున్నాం. ప్రహరీ మీంచి బూడిదరంగు గండుపిల్లి దిగి, సరాసరి కొబ్బరిచెట్టు దగ్గరికెళ్లి, తోకెత్తి గోనె మీద ఉచ్చ పోసింది. పాపం, మా బంగారికి పెరడు పోయింది. ఇంటినైనా కాపాడుకుందామని చూస్తోంది. నేనేమో దాని మీద చీపురెత్తాను.

అయినా ఒంట్లో బాధేమైనా ఉందేమో ముందు చూపించమని అప్పే పట్టుబట్టింది. ఆవులూ మేకలూ వరసలో ఉన్నా డాక్టరమ్మ తొందరపడకుండా కీళ్లన్నీ నొక్కి చూశారు. ముందుకాలి బొటనవేలి గోరు వంకీ తిరిగి పాదం మెత్తలోకి దిగబోతోంది! వయసు మీరిన పిల్లుల్లో గోళ్లు సరిగా అరగవట. గీరడం ఉన్నట్టుండి పెరిగినా, ఉన్నట్టుండి మానేసినా చూపించాలన్నారు. అంతకుముందు ఒకచోట గోళ్లు తీయించెయ్యమన్న సంగతి చెప్తే, “గోరొక్కటే కాదమ్మా, ప్రతి వేలి చివరి ఎముకా కోసెయ్యడమే అది” అన్నారు. నా చేతులు చల్లబడ్డాయి.

మామయ్య మామిడి దుంగని మూడడుగుల ఎత్తున, ఊగకుండా వెడల్పు పీటకి బిగించి, కొబ్బరి తాడు చుట్టి ఇచ్చాడు. టీ తప్ప కూలి ముట్టలేదు. దాన్ని మూలన కాకుండా గుమ్మం పక్కనే పెట్టాం, అది గీరుతున్న చోటే పెట్టాలని డాక్టరమ్మ మాట. కిటికీ కింది అద్దాలకి కాగితం అంటించాం. పాత గోనె తీసేశాం. గండుపిల్లిని పట్టి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే పనిలో ఉన్నాం.

నాలుగు రోజులు దుంగ వంక చూడలేదు. అయిదో రోజు పొద్దున్న నిలువునా సాగి, చెవులు వెనక్కి పెట్టుకుని, తనివితీరా గీరింది. ఇంకా ఎప్పుడైనా గుమ్మం మీద చెయ్యి వేస్తుంది, నేను కసరడం మానేశాను.

అప్పా, నీ టార్చిలైటు మా ఇంట్లోనే ఉండిపోయింది. గండుపిల్లి దొరికాక తెచ్చిస్తాను.