మైలేజీ నర్సంపేట రోడ్డు మీద కొలిచి చెప్పండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పది రోజుల కింద మీ వాహనాల పేజీలో పికప్ బండ్లు, ఫోర్ వీల్ డ్రైవ్ జీపుల మైలేజీ పట్టిక వేశారు. ఆ రోజే రాద్దామనుకున్నాను గానీ మిర్చి సీజన్, స్టీరింగ్ వదిలే తీరిక లేదు. ఇవాళ మార్కెట్‌కు సెలవు, అందుకే కూర్చున్నాను.

ఆ పేపరు పట్టుకొని మా ఊరి పిల్లగాడు ఒకడు నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, లీటరుకు 17 ఇస్తదట. ఎనుమాముల మార్కెట్‌కు రోజు ఒక్క ట్రిప్పు కొట్టినా కిస్తీ ఎల్లిపోతది కదా?" అన్నాడు. షోరూమ్‌లో అప్పటికే అడ్వాన్సు మాట్లాడుకొని ఉన్నాడు. నాలుగేళ్ల కింద నేనూ అదే 17 నమ్మి సంతకాలు పెట్టినవాణ్ణి. ఇంకేం చెప్పలేక నా నోటుబుక్కు వాడి చేతిలో పెట్టాను.

బండి కొన్న మొదటి నెల నుంచి ఆ పొడుగు నోటుబుక్కు క్యాబిన్‌లోనే ఉంటుంది. అంచులన్నీ డీజిల్ మరకలే. ట్యాంకు ఫుల్ చేసిన ప్రతిసారీ తేదీ, మీటరు రీడింగు, పట్టిన లీటర్లు, మధ్యలో ఏ సరుకు ఎత్తానో రాసుకుంటాను. మళ్లీ ఫుల్ చేసినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తాను. ఖాళీ బండికి 13, మహా అయితే 13న్నర. నలభై కిలోల వడ్ల బస్తాలు నలభై ఎత్తితే 11. అదే పదహారు క్వింటాళ్లు మిర్చి అయితే 10 దాటడం గగనం. బరువు ఒకటే కదా అని మొదట్లో నాకూ అర్థం కాలేదు. వడ్ల బస్తాలు డాలాలోనే, అంటే వెనక సరుకు తొట్టిలోనే, అణిగి ఉంటాయి. మిర్చి బస్తాలు క్యాబిన్ మీదికి రెండు మూడు వరుసలు లేస్తాయి. బండి అంత ఎత్తున గాలిని చీల్చుకుంటూ పోవాలి. లూజు పత్తి అయితే మరీ అన్యాయం. బరువు సగం కూడా ఉండదు, పట్టా గాలికి ఉబ్బి బండిని వెనక్కి గుంజుతుంది, మైలేజీ వడ్ల లోడు కన్నా తక్కువే వస్తుంది.

మరి 17 ఎక్కడిది? పుణెలో బండ్లను పరీక్షించే ఏఆర్ఏఐ సంస్థ ల్యాబులో బండిని రోలర్ల మీద నిలబెట్టి, దాదాపు ఇరవై నిమిషాల్లో 11 కిలోమీటర్లు తిరిగినట్టు చక్రాలు తిప్పి కొలిచే లెక్క అది. ఏసీ బంద్. సరుకు లోడు ఉండదు. వేగం 90 దాటదు. ఎదురుగాలి లేదు, గిర్నిబావి దగ్గర అడ్డమొచ్చే బర్రెల మంద లేదు, ఎనుమాముల గేటు ముందు తెల్లవారుజామున మూడింటి నుంచి అడుగడుగు జరిగే లైను లేదు. ఒక బండికి ఇంకో బండికి పోలిక చూడటానికి అలాంటి పరీక్ష పనికొస్తుంది, కాదనను. దాని మీద కిరాయి లెక్క వేసుకుంటే మాత్రం మునిగిపోతాం. మీ పట్టికలో ఆ ఒక్క మాట కూడా లేదు. కంపెనీ ఇచ్చిన అంకె, దాని పక్కన బండి ఫొటో, అంతే.

మా ఊరి నుంచి ఎనుమాములకు రానుపోను 90 కిలోమీటర్లు. లోడు, ఖాళీ, లైనులో నిలబడ్డది అన్నీ కలిపి నా సగటు 11. డీజిల్ లీటరు 95 వేసుకున్నా ట్రిప్పుకు 777 రూపాయలు. 17 నిజమైతే 503తో అయిపోవాలి. తేడా 274. నెలకు పాతిక ట్రిప్పులకు 6,850 రూపాయలు. నా కిస్తీ 17 వేలు. అందులో మూడో వంతు కన్నా ఎక్కువ ఆ ఒక్క అంకె తినేస్తోంది. ఇందులో టైర్లు లేవు, క్లచ్ ప్లేట్లు లేవు, సర్వీసింగ్ లేదు. ఏడున్నర టన్నుల లోపు సరుకు బండికి థర్డ్ పార్టీ బీమా ప్రీమియమే 2022లో 16,049 రూపాయలుగా ఖరారు చేశారు, దాని మీద జీఎస్టీ వేరు. కొత్త పొగ నిబంధనల కింద వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లకు డీపీఎఫ్ అని పొగను వడగట్టే జాలీ ఒకటి ఉంటుంది. ఊళ్ల మధ్య నిదానంగా తిరిగే బండికి అది మసి పట్టి లైటు వెలుగుతుంది. ఆ మసి కాలాలంటే పని లేకున్నా హైవే ఎక్కి ఇరవై నిమిషాలు వేగంగా నడపాలి. ఆ డీజిల్ ఎవరి ఖాతా?

జీపుల సంగతి ఇంకా ఘోరం. మా బామ్మర్ది కొడుకు హన్మకొండలో ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నాడు. చెప్పింది 15, సుబేదారి నుంచి నయీంనగర్ దాకా సిగ్నళ్లలో ఏసీ వేసుకొని తిరిగితే వస్తున్నది 9. ముందు చక్రాలకూ బలం పంపే గేర్ల పెట్టె, షాఫ్టుల బరువు ఆ బండి రోజూ మోస్తుంది. వెడల్పు టైర్లు, ఒక్కోటి పది వేలు దాటింది. ఏడాదిన్నరలో ఆ ముందు చక్రాలను కలిపే రెండో లివర్ ఒక్కసారైనా వేశావురా అంటే లేదన్నాడు. తాడ్వాయి, ఏటూరునాగారం అడవి బాటల్లో తిరిగేవాళ్లకు, వానాకాలం నల్లరేగడిలో దిగబడేవాళ్లకు ఆ పట్టు నిజంగా కావాలి. తారు రోడ్డు దిగని పిల్లలకు అదెందుకో అమ్మేవాళ్లు చెప్పరు, మీరైనా చెప్పాలి కదా.

2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. మంచిదే. ఆ తగ్గింపు చూసే మా దగ్గర పిల్లలు బండ్ల కోసం ఎగబడుతున్నారు. కానీ డీజిల్ జీఎస్టీలోనే లేదు, రాష్ట్రం 27 శాతం వ్యాట్ వసూలు చేస్తోంది, కేంద్రం సుంకంలో రోడ్ల సెస్సు కూడా కలిసి ఉంది. బండి ఒక్కసారి కొంటాం, డీజిల్ రోజూ కొంటాం. లీటరు లీటరుకూ రోడ్డు పేరు మీద కడుతూనే గుంతల్లో సెకండ్ గేరులో పాకుతున్నాం. గుంత వచ్చినప్పుడల్లా బ్రేకు, మళ్లీ లోడు బండిని లేపడానికి యాక్సిలరేటర్. మైలేజీ సగం అక్కడే పోతోంది. బంకుల్లో ఐదు లీటర్ల కొలత పాత్ర ఉండాలి, అడిగితే పోసి చూపించాలి. మొన్న ఒక బంకులో అడిగితే మేనేజరు లేడన్నారు. రెండోసారి పోతే తాళం లేదన్నారు. తూనికలు కొలతల అధికారులు ఎన్నడైనా వచ్చి చూస్తున్నారా?

నా అసలు మాట ఇది. 2023 ఏప్రిల్ నుంచి కొత్త బండ్ల పొగను నిజమైన రోడ్డు మీద, బండికి యంత్రం కట్టి కొలవాలని కేంద్రమే నిబంధన పెట్టింది. పొగను రోడ్డు మీద కొలవగలిగినవాళ్లకు డీజిల్ కొలవడం చేతకాదా? యూరప్‌లో 2021 నుంచి కొత్త కార్లలో ఖర్చయిన ఇంధనాన్ని నమోదు చేసే ఏర్పాటు తప్పనిసరి చేశారు. ఆ వివరాలు 2024లో బయటపెడితే, పెట్రోలు, డీజిల్ కార్లు ల్యాబు లెక్క కన్నా రమారమి 20 శాతం ఎక్కువ తాగుతున్నాయని తేలింది. అక్కడ కనీసం ఆ తేడా కాగితం మీదికి వచ్చింది. ఇక్కడ మా నోటుబుక్కుల్లోనే మురిగిపోతోంది. సరుకు బండికి ఖాళీగా ఎంత, ఫుల్ లోడుతో ఎంత అని రెండు అంకెలూ షోరూమ్ గోడ మీద రాయించాలి. బ్యాంకువాళ్లు లోను ఇచ్చేటప్పుడు ఆ రెండో అంకెతోనే లెక్క కట్టాలి.

చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని మీరు మొదటి పేజీలో వేసినప్పుడు మేమంతా సంబరపడ్డాం. ఆ మిర్చి చేను నుంచి మార్కెట్‌కు ఎంత ఖర్చుతో చేరుతోందో కూడా రాయండి. మీ విలేకరిని ఏ మంగళవారమైనా తెల్లవారుజామున రెండింటికి నర్సంపేట పంపించండి. ట్యాంకు ఆయన కళ్ల ముందే ఫుల్ చేయిస్తాను, నలభై బస్తాలు ఎత్తుకొని ఎనుమాములకు పోయి వద్దాం. తిరిగొచ్చాక అదే బంకులో, అదే పంపు దగ్గర మళ్లీ ఫుల్ చేద్దాం. ఎన్ని లీటర్లు పట్టిందో ఆయన చేత్తోనే నా నోటుబుక్కులో రాయమనండి. ఆ పిల్లగాడు అడ్వాన్సు ఈ నెలాఖరు దాకా ఆపుకున్నాడు.

ఇట్లు,
ఒక పికప్ బండి యజమాని,
నర్సంపేట మండలం, వరంగల్ జిల్లా