రాయగడ (ఒడిశా) మన సంఘం వార్షిక నివేదిక – ఈసారి ఎక్కువ దోమల గురించే

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది భోజనాలు, కార్తీక వనభోజనాలు, పిల్లలకి తెలుగు క్లాసులు ఎప్పట్లాగే అయ్యాయి, లెక్కల కాగితం విడిగా పెట్టాం చూసుకోండి.

కిందటి మీటింగ్‌లో ఫాగింగ్ పెట్టిద్దామన్నాం కదా, పెట్టించాం, వీధంతా పొగ, పిల్లలు దాని వెనకాల పరుగులు, రెండ్రోజులకి మళ్ళీ దోమలే. డబ్బులు పొగైపోయాయని ఓ పెద్దాయన అన్నారు, కాదనలేకపోయాం. ఆ పొగకి ఎగిరే దోమ చస్తుంది గానీ నీళ్ళలో ఉన్న దోమ పురుగు (లార్వా) చావదు.

అందుకే ఆగస్టు 20న, అంటే 1897లో రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రోజు, ల్యాబ్‌లో చేసి రిటైరైన మన మెంబర్ ఒకాయనతో దోమల గురించి చెప్పించాం. ఆయన రెండు గ్లాసుల్లో నీళ్ళు తెచ్చారు, ఒకటి మన వీధి మురిక్కాలవది, ఇంకోటి కొండ కింద గెడ్డ (వాగు) ఒడ్డుది. కాలవ గ్లాసులో పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి, అది క్యూలెక్స్, బోదకాలు దోమ. గెడ్డ నీళ్ళలోవి అగ్గిపుల్లల్లా నీటి మీద అడ్డంగా పడుకున్నాయి, అవే మలేరియా దోమవి. మనం పొగ పెట్టిందేమో కాలవ దగ్గర, జొరం వస్తున్నదేమో గెడ్డ నుంచి!

మలేరియా క్రిమి ఆడదోమ ఒంట్లో ఓ పది పద్నాలుగు రోజులు పెరిగి, ఉమ్ముతో పాటు మన ఒంట్లోకి దిగుతుందిట. బోదకాలు పురుగు అలా కాదు, దోమ కుట్టేటప్పుడు చర్మం మీద జారిపడి ఆ కుట్టిన కంతలోంచి తనే పాక్కుంటూ లోపలికెళ్తుంది, అందుకే చాన్నాళ్ళు చాలాసార్లు కుడితే గానీ అంటదు. దాని పిల్లలు రాత్రిపూటే పైరక్తంలోకి వస్తాయి కాబట్టి రక్తం ఎనిమిదిన్నర దాటాకే తియ్యాలి. మనం పెట్టిన బోదకాలు రక్తపరీక్ష పాంప్లెట్‌లో సాయంత్రం 5 అని వేసింది మా పొరపాటే, వచ్చినోళ్ళంతా ఉప్మా తిని వెళ్ళిపోయారు, రాత్రి సూది పట్టుకుని కూర్చున్నోళ్ళకి మిగిలింది మేం కమిటీ వాళ్ళమే.

గవర్నమెంటు ఇచ్చిన మందు దోమతెరలు (ఒడియాలో మశారి అంటే గానీ ఇక్కడ తెలీదు) కొందరు ఆనపపాదు చుట్టూ కట్టేశారు. విప్పి మంచానికి కట్టండి బాబూ, ఉతికితే నీడలోనే ఆరెయ్యండి.

వచ్చే ఏడాది ఫాగింగ్ లేదు, ఆదివారాలు గెడ్డ ఒడ్డున గడ్డి తియ్యడమే. వచ్చేవాళ్ళు గమ్‌బూట్లు వేసుకురండి, పోయినసారి ముగ్గురికి జలగలు పట్టాయి.

ఇట్లు, కార్యదర్శి