ట్రక్కుకీ నంబరు ఉండాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది పశ్చిమ గోదావరి జిల్లా, ఆచంట మండలం. సార్వాకీ (ఖరీఫ్) దాళ్వాకీ (రబీ) వరే వేస్తాం. మా ఆయన పోయాక ట్రాక్టరు వ్యవహారమంతా నేనే చూసుకుంటున్నాను. తోలడానికి డ్రైవరు ఉన్నాడు గానీ డీజిలు, రిపేర్లు, కాగితాలు నావే. ఆ కాగితాల గురించే ఈ ఉత్తరం.

మా వైపు నంబరు లేని ట్రాక్టరు అరుదు. ఫైనాన్సు ఇచ్చేవాళ్లే రిజిస్ట్రేషన్ అయ్యేదాకా వెంట పడతారు. దాని వెనక తగిలించే ట్రక్కును (ట్రైలర్‌ను) మాత్రం ఎవరూ పట్టించుకోరు. మేం ట్రాక్టరు కొన్న చోట కూడా అదే మాట. ట్రక్కు వెల్డింగ్ షాపులో చేయించుకుంటే చవగ్గా వస్తుంది, దానికి రిజిస్ట్రేషన్ ఎవరూ అడగరు అన్నారు. అది తిరిగేది రోడ్డు మీదే కదండీ అంటే, మీరు అనవసరంగా టెన్షన్ పడుతున్నారమ్మా అని నవ్వారు. నేను పట్టుబట్టి కాగితాలిచ్చే చోటే ట్రక్కు తీసుకుని నంబరు వేయించాను. ఖర్చు ఎక్కువైంది, తిరుగుడూ ఎక్కువైంది. అయినా అదే సరైన పని అనుకుంటున్నాను.

1988 మోటారు వాహనాల చట్టం ట్రక్కును కూడా మోటారు వాహనంగానే లెక్కేస్తుంది. ఇంజను లేదు కదా అంటే కుదరదు. ఆ చట్టం 61వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది: ట్రక్కుకు సొంత రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు ట్రక్కు పక్కన కనిపించాలి, దాన్ని లాగే ట్రాక్టరు నంబరు కూడా ట్రక్కు మీద కనిపించాలి. కోతల రోజుల్లో ఏ మిల్లు ముందైనా నిలబడి చూడండి. ట్రక్కుల వెనక దేవుడి పేరు ఉంటుంది, పిల్లల పేర్లు ఉంటాయి, నంబరు మాత్రం పదింట ఒకదానికి కూడా కనపడదు.

ఇది ఒట్టి కాగితం గొడవని చాలామంది అనుకుంటారు. కాదని మా పక్క ఊరి రైతు ఒకాయనకు తెలిసొచ్చింది. వరిగడ్డి వేసుకొస్తున్న ట్రక్కు టైరు దిగిపోతే కాలవ గట్టు మీదే ఆపాడు. చీకటి పడింది. గడ్డి రెండు పక్కలకీ చెదిరి వేలాడుతోంది, వెనక లైటు లేదు, ఎర్ర రిఫ్లెక్టర్లు లేవు. బండి మీద వస్తున్న కుర్రాడు నేరుగా వెళ్లి గుద్దుకున్నాడు. ప్రాణం దక్కింది గానీ కాలు పోయింది. ఇన్సూరెన్సు వాళ్లు పాలసీలో ట్రాక్టరు నంబరే ఉంది, ట్రక్కు ఊసే లేదు, మాకు సంబంధం లేదన్నారు. కేసు ఇంకా నడుస్తోంది. ఆ కుర్రాడికి అందాల్సిన డబ్బు అందలేదు, ఈ రైతుకి అమ్ముకోవడానికి ఆ రెండెకరాలు తప్ప వేరే లేదు. ట్రక్కుకు నంబరుండి, దాన్ని పాలసీలో రాయించి, విడిగా ప్రీమియం కట్టి ఉంటే రెండు ఇళ్లూ ఇలా అయ్యేవి కావు.

మా రోడ్లు ఎలాంటివో మీ పాఠకులందరికీ తెలియకపోవచ్చు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని నుంచి వచ్చిన కాలవల గట్లే ఇవాళ మా రోడ్లు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేలకు నీరెళ్లే పంట బోదె, మధ్యలో ఎదురెదురుగా రెండు ట్రక్కులు వస్తే ఒకటి వెనక్కి పోవాల్సిందే. ఇలాంటి చోట వెనక లైటు లేని ట్రక్కు ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. (దమ్ము చేసి ఇనప చక్రాలు విప్పకుండా తారు రోడ్డెక్కే వాళ్ల గురించి ఇంకో ఉత్తరం రాయాలి.)

బరువు సంగతీ ఇంతే. రిజిస్టరైన ట్రక్కు ఆర్సీలో ఎంత బరువు వేయొచ్చో రాసి ఉంటుంది. ఆ కాగితమే లేనప్పుడు ఎంత వేస్తే ఎక్కువో ఎవరు చెప్పాలి? డెబ్బై అయిదు కిలోల బస్తాలు ఎనభై వేస్తే 6 టన్నులు. వెల్డింగ్ షాపులో కట్టిన ఇరుసు ఆ బరువు మోస్తుందో లేదో కట్టినవాడికీ తెలియదు. పట్టుకుంటే ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000 చొప్పున జరిమానా. కళ్లంలో ధాన్యం తడుస్తుంటే ఒక ట్రిప్పులోనే తోలేద్దాం అనిపించడం సహజమే. ఆ తొందరలోనే ఇరుసులు విరుగుతున్నాయి.

ఇక వ్యవసాయం అనే మాట దగ్గర అసలు చిక్కుంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు వ్యవసాయ ట్రాక్టరును రవాణా వాహనం కాదన్నాయి. అందుకే మాకు తెల్ల ప్లేటు. పర్మిట్ అక్కర్లేదు, రవాణా బళ్లలాగా ఫిట్‌నెస్‌కు తిప్పక్కర్లేదు, రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు ఉంటుంది. ఇది రైతుకు ఇచ్చిన పెద్ద వెసులుబాటు. ఆ ప్లేటు పెట్టుకుని ఇటుకలు, కంకర, ఇసుక కిరాయికి తోలడం తప్పు. ఆ పనికి పసుపు ప్లేటు, పర్మిట్, ఫిట్‌నెస్ ఉండాలి. పర్మిట్ లేకుండా పట్టుబడితే 10,000 జరిమానా, జైలుకు కూడా పంపొచ్చు. ఇసుక ఉచితం చేసినంత మాత్రాన తెల్ల ప్లేటు పసుపు ప్లేటు అయిపోదు. ఇసుక ర్యాంపుల దగ్గర వరసగా నిలబడే తెల్ల ప్లేటు ట్రాక్టర్ల వల్లే మా అందరి మీదా అనుమానం పడుతోంది. వాళ్ల మీద కేసులు రాస్తే నేనేమీ అనను.

కానీ కౌలు రైతుల ధాన్యం సంగతేమిటి? మా ఊళ్లో చేలు చేసేది ఎక్కువగా వాళ్లే. వాళ్లకి ట్రాక్టర్లు ఉండవు. కోత అయ్యాక వాళ్ల బస్తాలు నా ట్రక్కు మీదే మిల్లుకు వెళ్తాయి. డీజిలు, డ్రైవరు బత్తా పోను నాకూ కొంత మిగులుతుంది. ఇది వ్యవసాయమా, కిరాయా? వ్యవసాయ ట్రక్కు అంటే ప్రధానంగా వ్యవసాయ సరుకులు తోలడానికి వాడేదని నిబంధనల్లో ఉంది. ఎవరి సరుకు అన్నది ఆ నిర్వచనంలో లేదు. దారిలో ఆపినప్పుడు ఒకరు సరే వెళ్లమంటారు, ఇంకొకరు డబ్బు తీసుకున్నావు కాబట్టి కేసంటారు. రవాణా శాఖ తేల్చి రాతపూర్వకంగా ఒక్క మాట చెబితే చాలు. కౌలు రైతు సాగు హక్కు పత్రం, కొనుగోలు కేంద్రం ఇచ్చిన చీటీ ట్రక్కులో ఉంటే అది వ్యవసాయ రవాణాయే అని చెప్పమని నా విన్నపం. కుదరదంటే అదీ చెప్పండి. డెల్టాలో సగం ధాన్యం ఎలా కదలాలో అప్పుడు ఆలోచించుకుంటాం.

లైసెన్సు విషయంలో కూడా డ్రైవర్లను అనవసరంగా భయపెడుతున్నారు. ట్రక్కు తగిలించినంత మాత్రాన ట్రాక్టరు లైసెన్సు చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహనాల) లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు రవాణా వాహనం కూడా నడపొచ్చని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చింది. ఈ రెండూ తెలుగులో అచ్చువేసి డ్రైవర్ల చేతికిస్తే బాగుంటుంది.

ఇంకొకటి ఆడవాళ్ల గురించి. ఊడుపులప్పుడు తెల్లారకముందే కూలీల ముఠాలు బయల్దేరతాయి. నారు కట్టల మీద కూర్చుని కొందరు, ట్రక్కు అంచు మీద కొందరు, మడ్‌గార్డు మీద ఇద్దరు. ట్రాక్టరులో చట్టప్రకారం ఉన్నది డ్రైవరు సీటు ఒక్కటే. ట్రక్కు మనుషుల కోసం కాదు. అందులో కూర్చున్నవాళ్లకి ఏమైనా అయితే బీమా కంపెనీ బాధ్యత లేదని కోర్టులు ఎన్నో కేసుల్లో అన్నాయి. అంటే రెక్కాడితే గానీ డొక్కాడని మనిషికి ఏమన్నా అయితే ఆ ఇంటికి దిక్కు ట్రాక్టరు యజమాని జేబే. నా ట్రక్కులో మనుషుల్ని ఎక్కించనని ముఠా మేస్త్రికి చెప్పి ఆటో ఛార్జీ నేనే ఇస్తున్నాను. మిగతా రైతులు కూడా ఇవ్వాలి. ఎకరానికి వచ్చే ఊడుపు ఖర్చులో అది పెద్ద మొత్తం కాదు.

మరి పాత ట్రక్కులన్నీ ఏం చేయాలి? రిజిస్ట్రేషన్‌కు అమ్మినవాళ్లు ఇచ్చే ఫారం 21 (అమ్మకం పత్రం) కావాలి, తయారుచేసినవాళ్లు ఇచ్చే ఫారం 22 (రోడ్డు మీద తిరగడానికి తగినదనే పత్రం) కావాలి. ఎన్నో ఏళ్ల కిందట వెల్డింగ్ షాపులో కట్టించినవాళ్లు అవి ఎక్కడి నుంచి తెస్తారు? ఆఫీసుకు వెళ్తే కాగితాల్లేవని వెనక్కి పంపుతారు, రోడ్డెక్కితే నంబరు లేదని ఫైను వేస్తారు. ప్రభుత్వం వీళ్లకి ఒక్కసారి అవకాశం ఇవ్వాలి. దాళ్వా మాసూళ్లు (కోతలు, నూర్పిళ్లు) అయి సార్వా నారుమళ్లు మొదలయ్యే లోపు ట్రాక్టర్లకి కాస్త ఖాళీ ఉంటుంది. అప్పుడు మండలానికో శిబిరం పెట్టి, బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారొచ్చి ఇరుసు, హుక్కు, పిన్ను, టైర్లు, వెనక లైట్లు, రిఫ్లెక్టర్లు చూసి బాగున్నవాటికి నంబరు ఇవ్వాలి. బాగాలేనివాటికి ఏం మార్చాలో రాసివ్వాలి. ఫీజు కట్టడానికి మేం సిద్ధం. కొత్తగా కట్టే షాపులు మాత్రం కాగితాల్లేకుండా ఒక్క ట్రక్కు కూడా బయటికి పంపకుండా చూడాలి.

జిల్లా రవాణా అధికారులు దీనికి జవాబిస్తే, దయచేసి మొత్తం అచ్చు వేయండి. మా కొనుగోలు కేంద్రం గోడకు నేనే అంటిస్తాను.

ఇట్లు,
ఒక మహిళా రైతు,
ఆచంట మండలం, పశ్చిమ గోదావరి జిల్లా