విడత దాటిపోయాక వచ్చే సీసా ఎవరికి? ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

పిల్లల చూపు కాపాడే విటమిన్ ఏ మందు సీసాల గురించి మేం రాస్తున్న నాలుగో లేఖ ఇది. మొదటి మూడింటికి రసీదులున్నాయి, జవాబులు లేవు.

తొమ్మిదో నెల డోసుకు ఇబ్బంది లేదు. తట్టు టీకాకు వచ్చిన బిడ్డకు 1 మి.లీ., అంటే లక్ష యూనిట్లు, అక్కడే పడుతుంది. పదహారో నెల దాటాక రెండో టీకాతో పాటు 2 మి.లీ. పడుతుంది. చిక్కంతా ఆ తర్వాతే. మూడో డోసు నుంచి తొమ్మిదో డోసు దాకా సూది లేదు, కాబట్టి తల్లిని ఎవరూ పిలవరు. ఆరు నెలలకోసారి ఊరూరా పిల్లలందరికీ ఈ మందు పోసే విడతే వాళ్లకు దిక్కు. కాలేయంలో నిలవున్న విటమిన్ నాలుగు నుంచి ఆరు నెలల్లో తరిగిపోతుంది. ఒక్క విడత తప్పితే రెండు డోసుల మధ్య ఏడాది గడుస్తుంది. అందులో సగం కాలం బిడ్డకు రక్షణ లేనట్టే. విడత ముగిశాక సీసాలు పంపితే ఏం లాభం, చెప్పండి?

వచ్చిన సీసాకూ తిప్పలే. 100 మి.లీ. సీసా మూత తీస్తే ఎనిమిది వారాల్లో వాడేయాలి. ఎండ, వేడి తగిలితే మందు పస పోతుంది. పన్నెండు మంది పిల్లలున్న తండాలో తెరిస్తే 24 మి.లీ. ఖర్చవుతుంది. మిగిలింది వృథా చేశావని సంజాయిషీ అడుగుతారని ఏఎన్ఎం (ఊళ్లు తిరిగే నర్సు) మూత తీయడానికే జంకుతోంది. అలాంటి నాలుగు తండాలకు వరుసగా ఒకే సీసా తిరిగేలా రూటు వేస్తే 48 మందికి 96 మి.లీ. సరిపోతుంది. మూత తీసిన తేదీ సీసా మీద రాస్తే చాలు. ఈ మాట మూడు లేఖల్లోనూ రాశాం.

ఇక చెంచా. సగంలో 1 మి.లీ. గీత ఉన్న 2 మి.లీ. చెంచా సీసాతోనే రావాలి. రావడం లేదు. ఇంట్లోని టీచెంచాతో పోస్తే 5 మి.లీ., అంటే ఐదు లక్షల యూనిట్లు. వాంతులు, తలనొప్పి, పసిబిడ్డకైతే మాడు ఉబ్బడం. 2001లో అస్సాంలో చెంచా బదులు 5 మి.లీ. కప్పులు ఇచ్చినప్పుడు పిల్లలు జబ్బుపడ్డ సంగతి మీ శాఖకు తెలుసు. సీసాకొక చెంచా పంపండయ్యా!

ఆకుకూరలు తినిపించమంటున్నారు. మునగాకు, తోటకూర, బొప్పాయి తినిపించమని మేమూ రోజూ చెబుతున్నాం. కానీ ఆకుకూరలోని బీటా కెరోటిన్ ఒంటబట్టాలంటే నూనె ఉండాలి. పైగా 12 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్ తింటే ఒంట్లో తయారయ్యేది ఒక్క మైక్రోగ్రాము విటమిన్ ఏ. రెండేళ్ల బిడ్డ తినే రెండు ముద్దల కూరతో ఆ లోటు ఎక్కడ తీరుతుంది?

సందె చీకటి పడగానే గడప తట్టుకుని పడే బిడ్డకూ, తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చ వచ్చిన బిడ్డకూ విడత దాకా ఆగే వీల్లేదు. ఏడాది నిండిన బిడ్డయితే ఆ రోజే 2 లక్షల యూనిట్లు, మర్నాడు మరో 2 లక్షలు, రెండు వారాలకు ఇంకో 2 లక్షలు ఇవ్వాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సీసా లేక తల్లిని జిల్లా ఆసుపత్రికి పొమ్మంటే ఆమె ఆ రోజు కూలి వదులుకుని వెళ్తుందా? నల్లగుడ్డు మెత్తబడి చితికిపోయాక ఎన్ని సీసాలు పోసినా పోయిన చూపు తిరిగి రాదు.

మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల మీద నిలబడి 1970లో దేశమంతా మొదలైన పథకమిది. విడతకు పదిహేను రోజుల ముందే సీసాలు, చెంచాలు చేర్చండి. ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఒక్క సీసా ఎప్పుడూ నిలవ ఉంచండి. ఈసారైనా జవాబివ్వండి.

ఇట్లు,
క్షేత్రస్థాయి ఆరోగ్య కార్యకర్తలు